కాఫీకి గంట ముందు

"నోరు కట్టుకోమ్మా, లివరూ థైరాయిడూ అవే దారికొస్తాయి." అమీర్‌పేటలో ఒక డాక్టరు రిపోర్టు రెండో పేజీ తిప్పకుండానే అన్న మాట. అప్పుడు నా వయసు 43, బరువు 84 కిలోలు, టీఎస్‌హెచ్ 11.2 (థైరాయిడ్ మందగిస్తే పెరిగే హార్మోన్), ఎస్‌జీపీటీ 68 (లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైమ్), స్కాన్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్. లావు వల్ల టీఎస్‌హెచ్ కాస్త పెరిగే మాట నిజమే, బరువు తగ్గితే దిగుతుంది కూడా. కానీ 11 అంటే సాధారణంగా ఒక్క లావు పని కాదు. యాంటీ టీపీవో (ఒంటి రక్షణ వ్యవస్థే థైరాయిడ్ మీద దాడి చేస్తోందా అని చూసే రక్తపరీక్ష) చేయిస్తే థైరాయిడ్ గ్రంథే దెబ్బతిందని తేలింది. థైరాయిడ్ మందగిస్తే లివర్ కొవ్వును కరిగించడమూ మందగిస్తుంది.

థైరాయిడ్‌కి 75 మైక్రోగ్రాముల లెవోథైరాక్సిన్ మాత్ర రాశారు. ఎలా వేసుకోవాలో ఎవరూ చెప్పలేదు. నేను పొద్దున్నే కాఫీతో, కాల్షియం మాత్రతో కలిపి మింగేదాన్ని. కాల్షియం కడుపులోనే ఈ మందును పట్టేసి ఒంటికి సరిగా అందనివ్వదు, కాఫీ కూడా కొంత అడ్డే. 8 వారాలకి టీఎస్‌హెచ్ 9, బరువు కదల్లేదు. విసుగొచ్చి నేనే రెండు మాత్రలు చేశాను. అదే వారం కాల్షియం సీసా అయిపోయింది. మోతాదు రెట్టింపు, పైగా అడ్డుపడే కాల్షియమూ లేదు.

మూడో వారం, రాత్రి రెండింటికి గుండె దడతో లేచాను. నాడి 132. గ్లాసు పట్టుకుంటే నీళ్లు ఒలికిపోతున్నాయి. మా ఆయన ఎమర్జెన్సీకి తీసుకెళ్తే ఈసీజీ పెట్టిన డ్యూటీ డాక్టరమ్మ, పాతికేళ్లుంటాయేమో, "అక్కా, మాత్రకీ కాఫీకీ మధ్య ఎంత టైమ్ ఇస్తున్నారు?" అంది. అన్ని ఫీజులు తీసుకున్నవాళ్లకి తట్టని ప్రశ్న! ఈ మందు రక్తంలో సగం తగ్గడానికే దాదాపు వారం పడుతుందనీ, రేపే నెమ్మదించదనీ చెప్పింది. అలాగే అయింది. పది రాత్రులు నాడి పట్టుకునే పడుకున్నాను.

ఇప్పుడు ఐదున్నరకి మాత్ర, ఉత్త నీళ్లతో. ఆరున్నరకి కాఫీ. కాల్షియం, ఐరన్ ఏవైనా నాలుగు గంటల తర్వాతే. ఒక్క 75తోనే టీఎస్‌హెచ్ 3.1కి వచ్చింది. బరువు తగ్గింది మాత్రం రెండు కిలోలే. థైరాయిడ్ మందగించి పెరిగే బరువులో ఎక్కువ భాగం ఉప్పూ నీరే మరి. కొవ్వు తగ్గించుకోవడానికి ఈ మాత్ర పెంచుకున్న నా తెలివికి ఏమనాలి!

లివర్‌కి గ్రేడ్ చూసి బెంబేలెత్తకండి, అది కొవ్వు ఎంతో చెబుతుంది గానీ లివర్‌ని గట్టిపరిచే మచ్చల సంగతి చెప్పదు. ఆ మచ్చల అంచనాకి ఫిబ్-4 లెక్క వేసుకోండి: వయసు, ఎస్‌జీవోటీ (ఇదీ లివర్ ఎంజైమే) గుణించి ఒక పక్క పెట్టండి. ప్లేట్‌లెట్లు వేలల్లో తీసుకుని (2.6 లక్షలంటే 260) ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించి, దాంతో మొదటిదాన్ని భాగించండి. ఎస్‌జీవోటీ 45తో నాకు 0.9 వచ్చింది. 1.3 లోపుంటే ముదిరిన మచ్చల భయం తక్కువ. బరువులో 7 నుంచి 10 శాతం తగ్గితే లివర్ వాపూ తగ్గుతుంది. నాకది కనీసం ఆరు కిలోలు. అన్నం సగం, చాయ్‌లో చక్కెర బంద్, ఉస్మానియా బిస్కెట్లు బంద్, రోజూ 45 నిమిషాల నడక. ఎనిమిది నెలలకి 77 కిలోలు, ఎస్‌జీపీటీ 34.

ఇదంతా యాదగిరిగుట్ట నరసింహస్వామి చలవేనంటుంది అత్తమ్మ. ఆయనకో దండం, ఆ డాక్టరమ్మకి రెండు.

అన్నట్టు, జుట్టు కోసం బయోటిన్ వాడేవాళ్లు రక్తం ఇచ్చే ముందు కనీసం రెండు రోజులు ఆపండి. థైరాయిడ్ అంకెలు తప్పు చూపిస్తుంది.