అవతలివాళ్లు నిద్రపోతున్నప్పుడు జవాబు చెప్పే పనిముట్లు

డాలస్ శివార్లలో ఉంటూ, హనుమకొండ పక్కన మడికొండ ఐటీ పార్కులో కూర్చునే సహోద్యోగులతో కలిసి పనిచేసే నాలాంటివాళ్లకు రోజు ఎప్పుడూ పూర్తిగా చేతికి రాదు. చలికాలంలో భారతదేశం మాకంటే 11 గంటల 30 నిమిషాలు ముందుంటుంది, మిగిలిన కాలంలో 10 గంటల 30 నిమిషాలు. నేను పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చునేసరికి అక్కడివాళ్లు రాత్రి భోజనానికి లేవబోతుంటారు. ఇద్దరం మెలకువగా ఉండి మాట్లాడుకోగలిగే ఆ కొద్దిసేపు దాటిన తర్వాత ఏ సందేహం వచ్చినా మర్నాటిదాకా ఆగవలసిందే. అందువల్ల ఏ సాఫ్ట్‌వేర్ పనిముట్టు మంచిదో తేల్చుకోవడానికి నేను చూసేది ఒక్కటే: అవతలి మనిషిని నిద్రలేపకుండా అది నా ప్రశ్నకు జవాబు చెప్పగలదా? ఇలా చూస్తే చాటింగు, వీడియో సమావేశాల కోసం కంపెనీలు ఏటా కొనే ఖరీదైన సరంజామాలో చాలావరకు తేలిపోతుంది. నిజంగా నిలబడేవి ఎక్కువగా ఉచితంగా దొరికేవి, నల్లటి తెర మీద అక్షరాలతో నడిచేవి.

వాటిలో మొదట చెప్పవలసింది, కోడ్‌లో జరిగే ప్రతి మార్పునూ గుర్తుపెట్టుకునే గిట్. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్‌ను రాసేవాళ్లు అప్పటిదాకా ఇదే పనికి వాడుకుంటున్న బిట్‌కీపర్ ఉచితంగా దొరకడం ఆగిపోయినప్పుడు, 2005లో లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని మొదలుపెట్టారు. కెర్నల్‌లో పనిచేసేవాళ్లు అనేక దేశాల్లో ఉంటారు కాబట్టి, ప్రతి ఒక్కరి కంప్యూటర్లోనూ కోడ్‌తో పాటు దాని మార్పుల చరిత్ర మొత్తం ఉండేటట్టు దాన్ని కట్టారు. గిట్ వాడనివాళ్లు మా వృత్తిలో ఇప్పుడు దాదాపు లేరు గాని, అందులోని బైసెక్ట్ అనే ఆజ్ఞను వాడేవాళ్లు మాత్రం నాకు అరుదుగా కనిపిస్తారు. పోయిన విడుదలలో సరిగ్గా ఉన్న బిల్లుల మొత్తం కొత్త విడుదలలో కొన్ని సెంట్లు తేడాగా వస్తోందనుకుందాం. ఆ రెండు విడుదలల నడుమ వెయ్యి మార్పులు జరిగి ఉంటే, ఏ మార్పు వల్ల తేడా వచ్చిందో వాటన్నింటినీ చదివి పట్టుకోవడం ఒక్క రాత్రిలో తెమిలే పని కాదు. బైసెక్ట్‌కు మంచి స్థితి ఒకటి, చెడిన స్థితి ఒకటి చూపిస్తే, అది సరిగ్గా నడిమి మార్పు దగ్గరికి కోడ్‌ను తీసుకుపోయి, ఇక్కడ బాగుందా లేదా అని అడుగుతుంది. మనం చెప్పిన జవాబును బట్టి సగం మార్పులను పక్కన పెట్టి, మిగిలిన సగంలో మళ్లీ నడుమకు వెళుతుంది. ఇట్లా వెయ్యి మార్పులున్నా పది పరీక్షల్లో దోషి దొరుకుతుంది. ఆ పరీక్షను కూడా చిన్న స్క్రిప్టుగా రాసి దాని చేతికిస్తే మన అవసరం కూడా ఉండదు. స్క్రిప్టు 0 తిరిగిస్తే బాగున్నట్టు, 1 తిరిగిస్తే చెడినట్టు, 125 తిరిగిస్తే ఇక్కడ పరీక్షించడం కుదరదు, దాటివేయమని చెప్పినట్టు లెక్క. కాఫీ కలుపుకుని వచ్చేలోగా జవాబు తెర మీద ఉంటుంది.

మా బిల్లుల్లో నిజంగానే ఇట్లాంటి తేడా వచ్చినప్పుడు తేలింది ఏమిటంటే, పన్నును చివరి మొత్తం మీద కాకుండా ఒక్కొక్క వస్తువు మీద విడివిడిగా దగ్గరి సెంటుకు సవరించి కలపడం మొదలుపెట్టారు. ఆ మార్పు చేసిన అమ్మాయి అప్పటికి మడికొండలో పని ముగించుకుని ఇంటికి వెళ్లి నిద్రపోయి ఉంటుంది. కాని మార్పుతో పాటు ఆమె రాసిపెట్టిన సందేశంలో, ఒక వినియోగదారు తమ రసీదులో ప్రతి వరుసకూ పన్ను విడిగా సరిపోవాలని కోరినట్టు, అందుకోసమే ఇట్లా మార్చినట్టు, పాత నివేదికలో కొన్ని సెంట్లు తేడా రావచ్చని కూడా ఉంది. అంటే అది తప్పు కానే కాదు, సరిచేయవలసింది నివేదికనే. ఆ నాలుగు వాక్యాలు లేకపోతే నేను ఆమె చేసిన పనిని వెనక్కి తిప్పి, ఆమె తెల్లవారి లేచి దాన్ని మళ్లీ ముందుకు తిప్పి ఉండేది. సందేశం గడిలో ‘ఫిక్స్’ అని ఒక్క ముక్క రాసి ఊరుకునేవాళ్ల మీద నాకున్న విసుగు ఇక్కడి నుంచి వచ్చిందే. ఈమధ్య కృత్రిమ మేధ సహాయకులు కోడ్‌ను చదివి అది ఏం చేస్తుందో బాగానే వివరిస్తున్నాయి, నేనూ వాడుతున్నాను. అయితే వినియోగదారు ఫోన్‌లో అడిగినది ఎక్కడా రాసి లేకపోతే, ఎందుకు చేశారన్నది అవి ఊహించి చెప్పగలవు గాని తెలిసి చెప్పలేవు.

టీమక్స్ సంగతి ఇంత వివరంగా చెప్పనక్కర లేదు. దూరపు సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ అనే భద్రమైన దారి ద్వారా వెళ్లి నడిపే పని మన ఇంటి ఇంటర్నెట్ తెగిపోగానే ఆగిపోకుండా, ఆ సెషన్‌ను, అంటే అక్కడ తెరిచిపెట్టిన పనిని, సర్వర్‌లోనే సజీవంగా ఉంచడం దాని పని. నికోలస్ మారియట్ 2007లో దీన్ని విడుదల చేశారు. గాలివానకు హనుమకొండలో కరెంటు పోయినా, డేటాను ఎక్కించే పని మాత్రం సర్వర్‌లో సాగుతూనే ఉంటుంది. ఇక్కడి నుంచి నేను అదే ఖాతాలోకి వెళ్లి అదే సెషన్‌కు తగులుకుంటే, అక్కడి కుర్రాడు చూస్తున్న తెరే నా ముందు తెరుచుకుంటుంది. ఒక రాత్రి అట్లా తెరిచినప్పుడు చివరి వరుసలో, ఆజ్ఞగా నడవకుండా ముందు గుర్తు పెట్టి, “అన్నా, మూడో టేబుల్ అయిపోయింది, నాలుగోది నువ్వు చూడు” అని ఉంది. పని అప్పగించడానికి అంతకంటే మంచి పద్ధతి నేను ఏ నిర్వహణ శిక్షణలోనూ వినలేదు.

గడియారాల విషయంలో మాత్రం ప్రవాసంలో ఉన్నవాళ్లు కొంచెం శ్రద్ధ పెట్టాలి. అమెరికాలో 2007 నుంచి మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు జరిపి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుపుతున్నారు. ఐరోపాలో ఇదే పని మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం జరుగుతుంది. మన దేశంలో ఆ బాధ లేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కొంతకాలం మన గడియారాన్ని కూడా గంట ముందుకు జరిపారు, ఇప్పుడు మాత్రం ముట్టుకోరు. ఈ వివరాలన్నీ ఆర్థర్ డేవిడ్ ఓల్సన్ 1980లలో మొదలుపెట్టిన టైమ్‌జోన్ డేటాబేస్‌లో ఉన్నాయి. మన ఫోన్లూ సర్వర్లూ చాలావరకు దాని మీదనే ఆధారపడతాయి. అందులో భారతదేశం మొత్తానికీ ‘ఏషియా/కోల్‌కతా’ అన్న ఒక్క ప్రాంతమే ఉంటుంది. సమావేశానికి ‘ఐఎస్‌టీ’ అని మూడక్షరాలు రాస్తే అది ఇండియా కావచ్చు, ఇజ్రాయెల్ కావచ్చు, ఐర్లండ్ వేసవి సమయమూ కావచ్చు. కాబట్టి జరిగిపోయిన వాటిని ప్రపంచమంతటికీ ఒక్కటిగా ఉండే యూటీసీ సమయంలో భద్రపరచాలి. జరగబోయే వాటికి మాత్రం స్థానిక సమయాన్నీ, ఆ ప్రాంతం పేరునూ కలిపి దాచాలి, ఎందుకంటే ప్రభుత్వాలు రేపు నియమం మార్చినా సమావేశం పది గంటలకే జరగాలి గదా.

ఇలా దూరం నుంచే జవాబు వెతుక్కునే అవసరం ఉద్యోగం బయట కూడా ఒకసారి ఎదురైంది. మా బామ్మర్దికి వరంగల్ ఏనుమాముల మార్కెట్‌లో అడ్తి దుకాణం ఉంది. మిర్చి సీజన్‌లో బస్తాలు పోటెత్తి వస్తుంటే, ఏ రైతుకు ఎంత చెల్లించాలన్న లెక్కను గుమాస్తాలు ఇద్దరు గూగుల్ షీట్‌లో తెలుగులోనే ఎక్కిస్తారు. వాళ్లకు పొద్దున, నాకు పడుకునే వేళ, ఫోన్ చేశాడు: “బావా, రమేష్ పేరు రెండుసార్లు వస్తున్నది, చూస్తే రెండూ ఒక్కతీరే ఉన్నయి, మొత్తం మాత్రం కలుస్తలేదు.” మామూలుగా అందరూ చేసేటట్టు ట్రిమ్ ఫార్ములా వాడి చూశాడట, లాభం లేకపోయింది. అది మామూలు ఖాళీలనే తీసేస్తుంది. పక్క గడిలో లెన్ ఫార్ములా పెట్టి రెండు పేర్ల పొడవూ చూడమన్నాను. ఒకటి 5, ఇంకొకటి 6 వచ్చింది.

ర, మ, ఏత్వం, ష, పొల్లు కలిపి ‘రమేష్’ అన్న పేరులో యూనికోడ్ సంకేతాలు, అంటే కంప్యూటర్ అక్షరాలను గుర్తుపట్టే సంఖ్యలు, ఐదు. ఆరోది కంటికి కనిపించదు. పొల్లు తర్వాత వచ్చే అక్షరం ఒత్తుగా మారిపోకుండా ఆపడానికి పెట్టే సంకేతం అది, ‘సాఫ్ట్‌వేర్’ అని రాసేటప్పుడు నడుమ ఉండేది అదే. కొన్ని కీబోర్డుల మీద కొట్టేవాళ్లు అలవాటుగా పేరు చివరి పొల్లు తర్వాత కూడా దాన్ని పెడుతుంటారు. ఇద్దరు గుమాస్తాల్లో ఒకరు ఫోన్ మీద, ఇంకొకరు కంప్యూటర్ మీద కొట్టారు. తెర మీద రెండూ ఒకటే, షీట్‌కు మాత్రం ఇద్దరు వేరువేరు రమేష్‌లు. కనిపించని ఆ సంకేతం దశాంశ సంఖ్య 8204. ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టే సబ్‌స్టిట్యూట్ ఫార్ములాలో, సంఖ్యను అక్షరంగా మార్చే యూనిచార్ పెట్టి ఆ సంఖ్యను ఇచ్చి, దాని స్థానంలో ఖాళీ కొటేషన్ గుర్తులు ఉంచితే అది తొలగిపోతుంది. నేను పడుకునే ముందు ఆ ఫార్ములాను వాట్సాప్‌లో పంపాను. లేచేసరికి పక్కన కొత్త నిలువు వరుస చేరింది, మొత్తాలు కలిశాయి.

అయితే ‘రమేష్’ అని ఒకరు, ‘రమేశ్’ అని ఇంకొకరు కొడితే ఈ ఫార్ములా ఏమీ చేయలేదు, నిజంగానే ఇద్దరు రమేష్‌లు ఉన్నా అంతే. దానికి మందు మా బామ్మర్ది వాళ్ల నాయిన రాసిన పాత చిట్టాల్లో దొరికింది. వాటిలో ఏ రైతు పేరూ ఒంటరిగా లేదు, పక్కనే తండ్రి పేరు, ఊరు పేరు ఉన్నాయి. షీట్‌లో ఇప్పుడు ఆ రెండు నిలువు వరుసలు కూడా పెట్టించాడు.