పెన్‌డ్రైవ్‌లో వేసి పంచేముందు లైసెన్స్ ఒకసారి చూడండి

చూపు లేనివాళ్లకి, చేతులు సరిగా కదలనివాళ్లకి, మాట రానివాళ్లకి పనికొచ్చే సాఫ్ట్‌వేర్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చేద్దాం అని చాలామందికి అనిపిస్తుంది, మంచి పనే, కాకపోతే డబ్బులు అడగట్లేదు కదా అని అన్నీ కాపీ కొట్టేస్తే కుదరదు. ఊరికే వాడుకోమనడం వేరు, ఇంకొకరికి ఇచ్చుకోమనడం వేరు.

ఎన్‌విడిఎ సంగతే చూడండి. 2006లో మైఖేల్ కర్రన్ మొదలుపెట్టిన ఈ స్క్రీన్ రీడర్ (తెర మీద ఉన్నది చదివి వినిపించే ప్రోగ్రామ్) జిపిఎల్ అనే ఓపెన్ సోర్స్ లైసెన్స్ వెర్షన్ 2 కింద ఉంది, అంటే ఎన్ని కాపీలైనా ఇవ్వొచ్చు, మార్చుకోవచ్చు, ఆ మాటకొస్తే అమ్ముకోవచ్చు కూడా (ఇది చెప్తే చాలామంది నమ్మరు!). షరతేంటంటే తీసుకున్నవాళ్లకి సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు కోడ్) దొరకాలి, లైసెన్స్ ఫైల్ తీసేయకూడదు, మనం ఒక్క అక్షరం మార్చకపోయినా సరే. ఇన్‌స్టాలర్ పక్కనే అదే వెర్షన్ సోర్స్ జిప్ కూడా పడేస్తే గొడవ వదిలిపోతుంది.

అసలు తలనొప్పి ప్రోగ్రామ్‌తో కాదండీ, దాంతోపాటు వచ్చే సామానుతో. స్క్రీన్ రీడర్‌కి మాట్లాడే గొంతు కావాలి కదా, అందులో ఈస్పీక్ ఎన్‌జీ అనేది జిపిఎల్ వెర్షన్ 3, హాయిగా పంచుకోవచ్చు. ఎంబ్రోలా అనే ఇంకో గొంతు సాఫ్ట్‌వేర్ అలా కాదు, ఇంజిన్ కోడ్ 2018లో ఓపెన్ సోర్స్ చేశారు గానీ దాని గొంతు ఫైళ్లకి వ్యాపారానికి వాడొద్దు అన్న షరతు ఉంది. మాట రానివాళ్లు నొక్కి చెప్పే బొమ్మల బోర్డులదీ ఇదే కథ, సిబోర్డ్ అనే అలాంటి బోర్డు యాప్ కోడ్ జిపిఎల్ వెర్షన్ 3యే, కానీ అందులో వాడుకునే అరాసాక్ బొమ్మలు స్పెయిన్‌లోని అరగాన్ ప్రభుత్వానివి, క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ఎన్‌సి (నాన్-కమర్షియల్, వ్యాపారానికి వాడొద్దు) రకం, అంటే ఆ బొమ్మలతో ట్యాబ్లెట్ తయారుచేసి అమ్మకూడదు. మరి ఫీజు తీసుకునే స్పీచ్ థెరపిస్ట్ వాడితే అది వ్యాపారమా కాదా? ఇక్కడే అందరూ తల పట్టుకుంటారు. అమ్మే ఆలోచన ఏమాత్రం ఉన్నా మల్బరీ అనే ఇంకో సెట్ బొమ్మలు తీసుకోవడం మేలు, వాటికి ఈ ఎన్‌సి లేదు, పేరు చెప్పి, మార్చినవి అదే లైసెన్స్‌తో ఇస్తే చాలు. మీరే బొమ్మలు గీసి పెట్టేవాళ్లయితే దయచేసి ఎన్‌సి తగిలించకండి, దొంగలు ఎలాగూ ఆగరు, భయపడి ఆగేది నిజాయితీపరులే.

ఇంకోటి, సొంతంగా చిన్న యాడ్ఆన్ (ప్రోగ్రామ్‌కి తగిలించే అదనపు ముక్క) రాసి లైసెన్స్ ఏమీ పెట్టకుండా వదిలేసేవాళ్లు. ఏమీ రాయకపోతే అందరిదీ అయిపోదు, కాపీరైట్ మొత్తం రాసినవాళ్ల దగ్గరే ఉంటుంది, పంచాలంటే వాళ్లని అడగాల్సిందే, వాళ్ల మెయిల్ పనిచేయకపోతే ఇక అంతే.

కొందరు ప్రేమతో "వైకల్యం ఉన్నవాళ్లకి మాత్రమే" అని రాస్తారు. నాకు ఇది అస్సలు నచ్చదు. నేర్పించే టీచర్ వాడొద్దా, సెట్ చేసే అన్నయ్య వాడొద్దా, వాడేవాళ్లు సర్టిఫికెట్ చూపించాలా? మనుషుల్ని ఇలా వేరుచేసే లైసెన్స్ ఓపెన్ సోర్స్ నిర్వచనం కిందకే రాదు. పైగా మీ కోడ్‌లో వేరేవాళ్ల జిపిఎల్ ముక్క ఉంటే అలాంటి షరతు కలిపే హక్కే మీకు లేదు. ఆ లైను తీసేసి మామూలు లైసెన్స్ ఫైల్ ఒకటి పెట్టండి, జిపిఎల్ ముక్క వాడి ఉంటే జిపిఎలే, లేకపోతే ఎంఐటీ అనే ఇంకా తేలికైన ఓపెన్ సోర్స్ లైసెన్స్ అయినా పర్లేదు.