కామా మాస్టారి పీరియడ్

"ఒక్క పేజీ రాసివ్వరా, నీకేం పని" అని మన బ్యాచ్ కలయికకి సావనీర్ వేస్తున్న కమిటీ వాళ్ళు వెంటపడ్డారు. నాకేం పనో తర్వాత చెప్తాను. ల్యాబ్‌లో కప్ప సంగతి, గోడ దూకుడు, లీడరుగారి చెప్పుల కథ ఎలాగూ మిగతావాళ్ళు రాస్తారు. ఎనిమిది, తొమ్మిది తరగతులు నాకు మొత్తంగా ఎగిరిపోయాయి, ఎవరైనా ఫోటో చూపిస్తే "ఓహో, నేనూ ఉన్నానా" అనుకోవడమే. పదో తరగతిలో ఇంగ్లిష్ చెప్పిన కామా మాస్టారి పీరియడ్ మాత్రం బోర్డు మీద రాతతో సహా గుర్తుంది.

ఆయన గ్రామర్ పుస్తకం తెరవగా నేను చూళ్ళేదు. రావడం, చాక్‌పీస్ విరవడం, బోర్డు మీద ఒక వాక్యం పడేయడం. "వైల్ ద హెడ్మాస్టర్ వాజ్ కాలింగ్ ద ప్యూన్ ర్యాంగ్ ద బెల్." చదవరా అనేవారు. లేచినవాడు ఒక్క ఊపున ప్యూన్ దాకా వెళ్ళిపోయేవాడు, హెడ్మాస్టరు ప్యూన్ని పిలుస్తున్నాడు సరే, మరి బెల్లు కొట్టిందెవరో తెలియక నిలబడిపోయేవాడు. అప్పుడు కాలింగ్ తర్వాత ఒక కామా గీసేవారు. వైల్, వెన్, ఇఫ్ లాంటి వాటితో వాక్యం మొదలైతే ఆ ముక్క ఎక్కడ అయిపోయిందో చదివేవాడికి చెప్పాలి, అదే ముక్క చివర్లో వస్తే మామూలుగా కామా అక్కర్లేదు. ఊపిరి పీల్చుకునే చోటల్లా కామా పెట్టమని మనకి కింది తరగతుల్లో చెప్పారు కదా, దానికి ఆయన "అయితే ఉబ్బసం ఉన్నవాడి వ్యాసం నిండా కామాలేనా" అనేవారు.

మనవాళ్ళ అసలు జబ్బు మాత్రం కర్తకీ క్రియకీ మధ్య కామా. "ద బాయ్ సిట్టింగ్ నియర్ ద విండో, ఈజ్ స్లీపింగ్." (ఎవరి మీద రాశారో చెప్పాలా?) కర్త పొడుగైతే నోరు ఆగుతుంది, నోరు ఆగిన చోట చెయ్యి గీసేస్తుంది. రెండోది, రెండు పూర్తి వాక్యాల్ని ఉత్త కామాతో అంటించడం. "ఇట్ వాజ్ రెయినింగ్, వి స్టేడ్ ఇన్‌సైడ్" అని రాస్తే ఎర్ర ఇంకుతో సున్నా. ఫుల్‌స్టాప్ పెట్టు, సెమీకోలన్ పెట్టు, లేకపోతే కామా తర్వాత సో రాయి. మధ్యలో హౌఎవర్ ఇరికించి తప్పించుకుందామంటే కుదిరేది కాదు, అది అండ్, బట్‌ల జాతి కాదు కాబట్టి దాని ముందు ఒక్క కామా సరిపోదు.

ఇక ఆ రోజు. పేర్లు రాయడానికి బద్ధకించి లీడరుగారు బోర్డు మీద "ద బాయ్స్, హూ కేమ్ లేట్, షుడ్ స్టాండ్ అవుట్‌సైడ్" అని రాసిపెట్టారు. మాస్టారు వచ్చి చదివి అబ్బాయిలందర్నీ బయటికి పొమ్మన్నారు. మేం టైముకే వచ్చాం సార్ అంటే, "నేనెక్కడ కాదన్నాను, బోర్డు అంటోంది" అన్నారు. రెండు కామాల మధ్య ఉన్నది అదనపు సమాచారం, ఎత్తేసినా వాక్యం నిలబడాలి. ఎత్తేస్తే మిగిలేది అబ్బాయిలు బయట నిలబడాలి అనే. కామాలు లేకపోతేనే లేటుగా వచ్చినవాళ్ళు మాత్రం అని అర్థం. తెలుగులో "ఆలస్యంగా వచ్చిన అబ్బాయిలు" అంటే అందరా కొందరా అన్నది సందర్భాన్ని బట్టి తెలుసుకుంటాం, గుర్తు పెట్టం, అందుకే ఇంగ్లిష్‌లో ఆ గుర్తు మన కంటికి ఆనదు. వరండాలో మనం గొడవపడుతుంటే లీడరుగారు లోపలికి వెళ్ళి ఒక కామా తుడిచారు. ఒక్కటే! "జంటగా పెట్టింది జంటగానే తియ్యాలిరా" అని మాస్టారు మళ్ళీ బయటికి పంపారు. అమ్మాయిలు నవ్విన నవ్వు గురించి వాళ్ళే రాసుకుంటారు. రెండో కామా పోయాక కూడా నలుగురు బయటే ఉండాల్సి వచ్చింది, వాళ్ళు నిజంగా లేటు.

ఇప్పుడు నా పని. కంపెనీల మధ్య అగ్రిమెంట్లు రాస్తాను, వేరేవాళ్ళు రాసినవి సంతకానికి ముందు నా టేబుల్ మీదకి వస్తాయి. గొప్ప చెప్పుకోవడం కాదు గానీ, ఆఫీసులో "సార్ కామాలు చూశారా" అనేది మామూలు మాట అయిపోయింది. కొత్తగా చేరినవాళ్ళు నవ్వితే ఓక్‌హర్స్ట్ డెయిరీ కేసు చదివిస్తాను. అమెరికాలో మెయిన్ రాష్ట్రం చట్టంలో ఓవర్‌టైమ్ వర్తించని పనుల జాబితా ఉంది, దాని చివర "ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్" అని ఉంది, షిప్‌మెంట్ తర్వాత కామా లేదు. ప్యాకింగ్, డిస్ట్రిబ్యూషన్ రెండు వేరే పనులా, లేక రెండింటి కోసం చేసే ప్యాకింగ్ ఒక్కటేనా? ఓవర్‌టైమ్ అడిగిన డెయిరీ డ్రైవర్లు పాలు పంచుతారు, ప్యాక్ చెయ్యరు, అంటే ఒక్కటే అయితే వాళ్ళకి ఓవర్‌టైమ్ రావాలి. అర్థం తేలడం లేదని 2017లో అప్పీలు కోర్టు డ్రైవర్ల వైపు మొగ్గింది, 2018లో 50 లక్షల డాలర్లకి రాజీ అయింది. తర్వాత ఆ చట్టంలో కామాల బదులు సెమీకోలన్లు పెట్టారు.

అయినా కిటికీ బెంచీ వాడు ఒప్పుకోడు. వాడిప్పుడు ఇంగ్లిష్ పత్రికలో డెస్క్ మీద ఉన్నాడు, మామూలు జాబితాలో అండ్ ముందు కామా అనవసరం అంటాడు, అసోసియేటెడ్ ప్రెస్ పద్ధతి అదే అంటాడు. నేను ఆ కామా ఉండాలనే ఆక్స్‌ఫర్డ్ వాళ్ళ వైపు. ఫోన్లో చాలాసార్లు అయింది ఈ గొడవ, ఈసారి కలయికకి వస్తున్నాడట. ముందు బెంచీలో కూర్చోబెట్టి అడుగుతాను.