తలుపు తట్టినా లేవని గెస్టులు

హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున పదిన్నరంటే చాలా ఇళ్లలో కుక్కర్‌లో మటన్ ఉడుకుతూ ఉంటుంది. అమెరికా తూర్పు తీరంలో అప్పటికింకా రాత్రి ఒంటిగంటే. మా క్లయింటు మెయిన్‌ఫ్రేమ్‌ని, అంటే పెద్ద కంపెనీలు వాడే భారీ కంప్యూటర్‌ని, ఆపి మళ్లీ లేపడానికి మాకిచ్చే టైమ్ అదే, రెండు గంటలు. దాన్నే విండో అంటాం. మెయిన్‌ఫ్రేమ్ వాళ్లం బూట్ చేయడాన్ని ఐపీఎల్ అంటాం. "ఆదివారం ఐపీఎల్ ఉంది, నన్ను కదిలించకండి" అంటే, మా మామయ్య చాలాకాలం క్రికెట్ మ్యాచ్ అనే అనుకున్నారు.

నేను అమీర్‌పేటలో మెయిన్‌ఫ్రేమ్ భాషలు కోబాల్, జేసీఎల్ నేర్చుకుని ఈ లైన్లోకి వచ్చినవాణ్ణి. జెడ్/వీఎం మీదకి వచ్చింది మాత్రం అనుకోకుండా. టీమ్‌లో ఒకాయన వెళ్లిపోతే ఆయన కుర్చీ నాకిచ్చారు. జెడ్/వీఎం అంటే మెయిన్‌ఫ్రేమ్‌ని ముక్కలుగా పంచి ఒక్కో ముక్కలో ఒక్కో ఆపరేటింగ్ సిస్టమ్‌ని నడిపించే హైపర్‌వైజర్. వర్చువల్ మెషీన్లు ఈమధ్య వచ్చినవి అనుకునేవాళ్లకి చెబుతున్నాను, దీని తాత వీఎం/370ని ఐబీఎం ప్రకటించింది 1972లో. ఇందులో పెత్తనమంతా చేసే భాగం పేరు సీపీ, అంటే కంట్రోల్ ప్రోగ్రామ్. దాని కింద మా క్లయింటుకి పద్నాలుగు లైనక్స్ గెస్టులు, అంటే లైనక్స్ నడిచే వర్చువల్ మెషీన్లు, ఉన్నాయి.

సీపీకి ప్యాచ్‌లు వేసినప్పుడల్లా దాన్ని ఆపాలి. దాన్ని ఆపేముందు గెస్టులన్నీ పద్ధతిగా దిగాలి. నేను వచ్చేనాటికి ఆ పని ఎలా జరిగేదంటే, ఇద్దరు కూర్చుని ఒక్కో గెస్టులోకి ఎస్‌ఎస్‌హెచ్ చేసి, అంటే నెట్‌వర్క్ మీద లాగిన్ అయి, షట్‌డౌన్ కొట్టి, ఎక్సెల్‌లో టిక్ పెట్టేవాళ్లు. ముప్పావుగంట దానికే పోయేది. సీపీలో దీనికోసమే సిగ్నల్ షట్‌డౌన్ అని ఒక కమాండ్ ఉందని మాన్యువల్‌లో చూశాను. గెస్టు పేరు ఇచ్చి, విదిన్ 300 అంటే చాలు. "నీకు 300 సెకన్లు టైమ్, సర్దుకో" అని సీపీయే గెస్టుకి కబురు పెడుతుంది. ఇంత సులువుగా ఉంటే ఇన్నాళ్లూ ఎవరూ ఎందుకు వాడలేదని అనుకున్నాను. ఆ అనుమానం మీద ఇంకో పూట పనిచేసి ఉంటే బాగుండేది.

మా లీడ్‌ని అందరం అన్నా అనే పిలుస్తాం. అన్నకి చెబితే, "ఒకదాని మీద చేసి చూపించు" అన్నాడు. టెస్ట్ గెస్టు ఒకటి ఉంటే దానిమీద కొట్టాను. నలభై సెకన్లలో చివర 2113ఐ ఉన్న మెసేజ్ వచ్చింది, ఫలానా యూజర్ విజయవంతంగా ముగిసినట్టు తెలియజేశాడని. సీపీ లెక్కలో ప్రతి గెస్టూ ఒక యూజరే. దాని కిందే ఆ యూజర్ లాగాఫ్ అయినట్టు ఒక లైను, ఆ లైను చివర ఆఫ్టర్ సిగ్నల్ అన్న రెండు ముక్కలు. అన్న తల ఊపాడు. నేను రెక్స్ అనే స్క్రిప్ట్ భాషలో ఒక ఎగ్జెక్, అంటే కమాండ్లని వరుసగా నడిపే ఫైలు, రాశాను. ముందు అప్లికేషన్ గెస్టులకి, అవన్నీ దిగాక డేటాబేస్ గెస్టులకి సిగ్నల్ పంపుతుంది. అన్నిటికీ ఒకేసారి పంపితే డేటాబేస్ ముందే దిగిపోయి, అప్లికేషన్లు గోల చేస్తాయి కదా, అందుకు.

ఆ ఆదివారం ఎగ్జెక్ మొదలుపెట్టాను. మొదటి నాలుగు చకచకా దిగాయి. తర్వాత తెర కదల్లేదు. మెయిన్‌ఫ్రేమ్‌తో మాట్లాడే 3270 తెర గురించి తెలియనివాళ్లకి చెప్పాలి. అది లైనక్స్ టెర్మినల్‌లా పైకి జరుగుతూ పోదు. నిండగానే కింద కుడిమూలలో మోర్ అని, పక్కన మూడు చుక్కలు కనపడతాయి. కాసేపాగితే అదే ఖాళీ అవుతుంది, లేదా క్లియర్ కీ నొక్కాలి. నేను టెన్షన్‌లో ఎంటర్ కొట్టాను. అలా కొడితే "ఈ తెర ఇలాగే ఉంచు" అని అర్థం. మోర్ పోయి హోల్డింగ్ వచ్చింది. ఇక తెర నేను ఖాళీ చేసేదాకా కదలదు, దానిమీద రాయాల్సిన నా ఎగ్జెక్ కూడా అక్కడే నిలబడిపోయింది. నాలుగు నిమిషాలు నేను, అది, ఒకరి మొహం ఒకరం చూసుకుంటూ కూర్చున్నాం. తప్పంతా గెస్టులదే అనుకుంటున్నాను. కాల్‌లో ఉన్న అన్న "కింద మూల ఏముంది చదువు" అంటే చదివాను. అటువైపు నుంచి చిన్న నిట్టూర్పు. ఇప్పుడు నా ఎగ్జెక్‌లో మొదటి రెండు లైన్లు టెర్మ్ మోర్ 0 0, టెర్మ్ హోల్డ్ ఆఫ్.

క్లియర్ కొట్టాక మిగతా మెసేజ్‌లు బిలబిలా వచ్చాయి. పద్నాలుగింటిలో పదకొండు దిగాయి. మూడు ఉన్నచోటే ఉన్నాయి. 300 సెకన్లు అయిపోయాయి, అయినా కదల్లేదు. సరే, పాతపద్ధతిలో ఎస్‌ఎస్‌హెచ్ చేసి దింపుదామంటే, ఆ నెట్‌వర్క్‌లోకి దారి ఒక జంప్ సర్వర్ గుండా. ఆ జంప్ సర్వర్ కూడా మా పద్నాలుగు గెస్టుల్లో ఒకటి. ఎగ్జెక్‌లో పేర్లు అక్షరక్రమంలో పెట్టాను కాబట్టి, దాన్నే మూడోదిగా దింపేశాను. ఈ ముక్క రాస్తుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతున్నాయి.

మిగిలిన దారి ఒక్కటే, 3270 నుంచి నేరుగా ఆ గెస్టు కన్సోల్‌కే లాగాన్ అవడం. ఒకదాంట్లో రూట్ పాస్‌వర్డ్ పనిచేసింది, చేత్తో దింపాను. రెండోదాంట్లో మా దగ్గరున్న పాస్‌వర్డ్ పాతది. మూడోది డేటాబేస్. అది దిగుతున్నట్టే ఉంది, కానీ దిగదు. కన్సోల్ మీద "స్టాప్ జాబ్ నడుస్తోంది" అన్న లైను, పక్కన పెరుగుతున్న అంకెలు. విండో ముప్పావు వంతు అయిపోయింది. క్లయింటు వైపు ఛేంజ్ మేనేజర్ కానీయమన్నారు. సీపీకే షట్‌డౌన్ కొట్టాను. అది కూడా ఆ రెంటికీ మళ్లీ సిగ్నల్ పంపి, గడువంతా ఆగి, చివరికి తన దారిన తాను దిగిపోయింది. ఆ రెండు గెస్టులకీ అది కరెంటు పోయినట్టే. డేటాబేస్ తిరిగి లేచాక రికవరీ చేసుకోవడానికి నలభై నిమిషాలు తీసుకుంది. డేటా పోలేదు, విండో మాత్రం దాటిపోయింది. మటన్ సాయంత్రం వేడి చేసుకుని తిన్నాను.

సోమవారం నుంచి కారణాలు వెతికే పని. సిగ్నల్ పంపాక లోపల ఏం జరుగుతుందో అప్పటిదాకా నేను సరిగ్గా చదవలేదు. లైనక్స్ బూట్ అయ్యేటప్పుడే సర్వీస్ కాల్ లాజికల్ ప్రాసెసర్, అంటే ఎస్‌సీఎల్‌పీ అనే ఇంటర్‌ఫేస్ ద్వారా "నాకు ఫలానా రకాల కబుర్లు పంపవచ్చు" అని ఒక మాస్క్, అంటే జాబితాలాంటిది, రాసి ఇస్తుంది. అందులో సిగ్నల్ క్వీయెస్, అంటే "సర్దుకుని ఆగు" అనే రకం ఉంటే, సీపీ ఆ గెస్టుని సిగ్నల్ అందుకునేవాళ్ల జాబితాలో రాసుకుంటుంది. క్వెరీ సిగ్నల్స్ కొడితే కనపడేది ఆ జాబితాయే. మనం కమాండ్ కొట్టినప్పుడు సీపీ గెస్టుకి ఒక ఎక్స్‌టర్నల్ ఇంటరప్ట్ ఇస్తుంది. లైనక్స్ గుండెకాయలాంటి కెర్నల్ వెళ్లి ఆ కబురు చదువుకుంటుంది.

చదువుకుని ఏం చేస్తుందన్నదే అసలు సంగతి. కీబోర్డు మీద ఎవరో కంట్రోల్-ఆల్ట్-డిలీట్ నొక్కినట్టు నటిస్తుంది! ఒకటో నంబర్ ప్రాసెస్‌కి ఆ సంగతి చెబుతుంది. సర్వీసుల్ని లేపి దించే ఆ ప్రాసెస్ పేరు సిస్టమ్‌డీ, మిగతాది అదే చూసుకోవాలి. అంతా సవ్యంగా దిగాక కెర్నల్ చివరి పనిగా, అడ్రసులో ఎఫ్ఎఫ్ఎఫ్ ఉన్న ఒక వెయిట్ పీఎస్‌డబ్ల్యూని, అంటే ప్రాసెసర్‌ని ఆగిపొమ్మనే స్థితిపదాన్ని, లోడ్ చేసి నిద్రపోతుంది. సీపీకి అదే గుర్తు. నేను మురిసిపోయిన 2113 మెసేజ్ అప్పుడొస్తుంది. ఆ మూడు కీల కలయికని 1981 నాటి పీసీ కోసం పెట్టినాయన డేవిడ్ బ్రాడ్లీ, ఐబీఎం ఇంజనీరే. ఆ కీలు లేని మెయిన్‌ఫ్రేమ్‌లోకి అదే పేరు లైనక్స్ వెంట తిరిగొచ్చి కూర్చుంది.

ఇది తెలిశాక మొదటి రెండు గెస్టుల గుట్టు పది నిమిషాల్లో తేలింది. లైనక్స్ లాగ్ అయిన జర్నల్‌లో మేము సిగ్నల్ పంపిన క్షణానికే ఒక లైను ఉంది, కంట్రోల్-ఆల్ట్-డెల్ టార్గెట్ మాస్క్ అయి ఉంది కాబట్టి మొదలుపెట్టలేకపోయానని. టార్గెట్ అంటే ఆ కీలు నొక్కితే సిస్టమ్‌డీ చేయాల్సిన పని. ఇక్కడ మాస్క్ అంటే దానికి తాళం వేయడం. అంటే సిగ్నల్ అందింది. కెర్నల్ విన్నది, సిస్టమ్‌డీకి చెప్పింది. సిస్టమ్‌డీ "ఆ పని చేయొద్దని నాకు ఆర్డరుంది" అని ఒక ముక్క రాసి ఊరుకుంది. సీపీకి ఇదేమీ తెలియదు. క్వెరీ సిగ్నల్స్‌లో ఆ రెండూ బుద్ధిమంతుల్లా కనపడుతూనే ఉన్నాయి.

ఆ ఆర్డర్ ఇచ్చింది సెక్యూరిటీ హార్డెనింగ్ స్క్రిప్ట్, అంటే సర్వర్ భద్రతని బిగించేది. అమెరికా రక్షణశాఖవాళ్లు ఇచ్చే హార్డెనింగ్ నియమాల్లో, కన్సోల్ దగ్గరున్న ఎవరైనా మూడు కీలు నొక్కి సర్వర్‌ని రీబూట్ చేయకుండా ఆ టార్గెట్‌ని మాస్క్ చేయమని ఒకటుంది. ఆ రెండు గెస్టులూ కొత్త ఇమేజ్, అంటే కొత్త అచ్చు, నుంచి కట్టినవి, ఆ స్క్రిప్ట్ వాటిలో నడిచింది. నేను చేసి చూపించిన టెస్ట్ గెస్టు పాత ఇమేజ్‌ది. ఒక్కదాని మీద చేసి పద్నాలుగూ అంతే అనుకోవడం నా తెలివి.

సెక్యూరిటీ మేడమ్‌తో మీటింగ్ పెట్టాం. "ఇది క్రిటికల్ రూల్, తీయడానికి వీల్లేదు" అన్నారు ఆవిడ మొదట. ఈ మెషీన్‌కి ఆ కీలున్న కీబోర్డు తగిలించే చోటే లేదని నేను చెప్పబోతే, అన్న ఆపి ఒక్క మాటే అన్నాడు. "మేడమ్, ఆ రూల్ పేరు ఒకసారి పైకి చదవరా?" చదివారు. పేరులోనే ఎక్స్86 అని ఉంది, అంటే పీసీల్లో ఉండే రకం ప్రాసెసర్. మాది మెయిన్‌ఫ్రేమ్. ఆవిడ నవ్వేశారు. నవ్వారని పని అయిపోతుందా! మినహాయింపు ఫారం, దానికి రిస్క్ అంచనా, దానిమీద ముగ్గురి సంతకాలు. మూడు వారాలు పట్టింది. మాస్క్ తీసి ఊరుకోలేదు. ఆ టార్గెట్ మామూలుగా రీబూట్‌కి దారితీస్తుంది, మేము దాన్ని పవరాఫ్ టార్గెట్‌కి లింక్ చేశాం. పద్నాలుగింటిలోనూ అదే పెట్టాం.

మూడోది, డేటాబేస్ గెస్టు కథ వేరు. అది సిగ్నల్ విన్నది, దిగడం కూడా మొదలుపెట్టింది. కానీ దాని స్టాప్ స్క్రిప్ట్‌లో డేటాబేస్‌ని నార్మల్ పద్ధతిలో ఆపమని ఉంది. అంటే తగులుకుని ఉన్న ప్రతి సెషనూ తనంతట తాను వెళ్లిపోయేదాకా ఎదురుచూడటం. ఒక మానిటరింగ్ సెషన్ ఎప్పటికీ వెళ్లదు. సిస్టమ్‌డీ అయితే మామూలుగా ఒక సర్వీస్ ఆగడానికి 90 సెకన్లే చూస్తుంది. వీళ్లు ఎప్పుడో దాన్ని ఇరవై నిమిషాలకి పెంచి పెట్టారు. నేనిచ్చింది 300 సెకన్లు, అంటే అయిదు నిమిషాలు. లోపలివాడు ఇరవై నిమిషాలు చూస్తానంటుంటే బయటివాడు అయిదింటికే వెళ్లిపోతానంటే కుదురుతుందా? డేటాబేస్ చూసుకునే డీబీఏలతో కూర్చుని స్క్రిప్ట్‌ని, సెషన్ల కోసం ఎదురుచూడని ఇమీడియెట్ పద్ధతికి మార్పించాం, సర్వీస్ గడువు ఎనిమిది నిమిషాలకి దించాం, సీపీ వైపు 600 సెకన్లు పెట్టాం. సిస్టమ్ లేవగానే దానంతటదే నడిచే ఆటోలాగ్1 ప్రొఫైల్‌లో కూడా సెట్ సిగ్నల్ షట్‌డౌన్ విలువ 600కి మార్చాను, ఎవరైనా ఎగ్జెక్ వాడకుండా నేరుగా షట్‌డౌన్ కొట్టినా అదే గడువు దొరకాలని. జంప్ సర్వర్ పేరు జాబితాలో అట్టడుగున రాసి, దానిమీద నాలుగు లైన్ల కామెంట్ పెట్టాను. ఆ నాలుగు లైన్లలో నా పేరు లేదు.

రెండోసారి విండోకి ముందు శుక్రవారం ప్రతి గెస్టులోనూ టార్గెట్ ఎటు లింక్ అయి ఉందో చేత్తో చూశాను. ఆదివారం అప్లికేషన్ గెస్టులన్నీ రెండు నిమిషాల్లోపే దిగాయి. డేటాబేస్‌లకి మూడున్నర. చివర జంప్ సర్వర్. పద్నాలుగు 2113లు లెక్కపెట్టుకుని అప్పుడు సీపీకి షట్‌డౌన్ కొట్టాను.

సెక్యూరిటీవాళ్ల మినహాయింపు గడువు ఏడాదే. రెన్యూ చేయకపోతే వాళ్ల స్క్రిప్ట్ రాత్రికి రాత్రి ఆ టార్గెట్‌ని మళ్లీ మాస్క్ చేస్తుంది, క్వెరీ సిగ్నల్స్ మాత్రం అంతా బాగున్నట్టే చూపిస్తుంది. వచ్చే నెల పదిహేనుతో అది అయిపోతుంది. ఫారం సగం నింపి పెట్టాను, రిస్క్ అంచనా కాలమ్ దగ్గర ఆగింది.