ఒకే మనిషికి రెండు గొంతులు

బ్రాండన్ శాండర్సన్ రాసిన ఫాంటసీ నవల ‘ది వే ఆఫ్ కింగ్స్’ (2010) చదివినప్పుడు నన్ను ఇబ్బంది పెట్టింది దాని నిడివి కాదు; ముఖ్యపాత్రలైన సైనికుడు కలాడిన్, దొరల బిడ్డ షల్లాన్‌ల కథలు ఎక్కడా కలవకుండా రెండు వేర్వేరు నవలల్లా సాగిపోవడం. 2014లో వచ్చిన రెండవ భాగం ‘వర్డ్స్ ఆఫ్ రేడియన్స్’ ఆ లోటును పూర్తిగా తీర్చింది. షల్లాన్ షాటర్డ్ ప్లెయిన్స్ అనే, అగాధాలతో ముక్కలైన మైదానంలోని యుద్ధశిబిరాలకు చేరుకోవడంతో, అంతవరకు విడివిడిగా తెలిసిన మనుషులు ఒకరినొకరు అపార్థం చేసుకోవడం మొదలవుతుంది, కథకు అసలైన పదును వస్తుంది.

మొదటి భాగంలో గతస్మృతుల అధ్యాయాలు కలాడిన్‌వి కాగా, ఇందులో అవి షల్లాన్‌వి. ఆమె మాటకారితనం మొదట్లో నాకు కాస్త విసుగు తెప్పించిన మాట నిజం. అయితే తండ్రి కోపానికి ఇల్లంతా వణికిపోతున్న రోజుల్లో అన్నలను నవ్వించడానికి ఆ పిల్ల పడిన తాపత్రయం చూశాక, ఆ చమత్కారాలన్నీ వేరుగా వినిపించసాగాయి. కలాడిన్ మళ్లీ నిస్పృహలో కూరుకుపోయే మధ్యభాగం మాత్రం చెప్పిందే చెప్పినట్లుంది. అక్కడ వంద పేజీలు తగ్గించినా నష్టం లేదు.

చదివిన పుస్తకాన్నే మళ్లీ ఆడియోబుక్‌గా, దాదాపు 48 గంటలు, విన్నాను. చదివినవారు మైకేల్ క్రేమర్, కేట్ రీడింగ్. భార్యాభర్తలైన ఈ ఇద్దరే ‘ది వీల్ ఆఫ్ టైమ్’ అనే ఫాంటసీ నవలలకూ గొంతునిచ్చారు. పురుషపాత్రల దృష్టికోణంలో నడిచే భాగాలను ఆయన, స్త్రీపాత్రలవాటిని ఆమె చదువుతారు. హరికథలో దాసుగారొక్కరే రాముడూ రావణుడూ అయినట్లు, ఎవరి వంతులో వారు అన్ని పాత్రలనూ పలకవలసిందే. అందువల్ల క్రేమర్ గొంతులో గంభీరంగా, నిదానంగా మాట్లాడే కలాడిన్, షల్లాన్ అధ్యాయం రాగానే రీడింగ్ గొంతులో మరో మనిషైపోతాడు. ముఖ్యపాత్రలు కలవని మొదటి భాగంలో ఈ చిక్కు అంతగా బయటపడలేదు.

మొదట దీన్ని లోపమనే అనుకున్నాను. కానీ కలాడిన్, షల్లాన్ లోతైన అగాధంలో పడి, ఒకరంటే ఒకరికి సరిపడకపోయినా కలిసి నడవవలసి వచ్చిన ఘట్టంలో నా అభిప్రాయం మారింది. ఆమె చెవికి అతడు కసురుకునే మొరటు సైనికుడు; అతడి చెవికి ఆమె కష్టమెరుగని దొరల బిడ్డ. దృష్టికోణం మారినప్పుడల్లా గొంతు మారడం వల్ల, ఒక్కొక్కరు ఎదుటివారిని ఎలా వింటున్నారో మనమూ అలాగే వింటాము. అచ్చులో కంటితో చదివినప్పుడు నాకీ తేడా ఇంతగా తట్టలేదు.

ఒక యోధుడు నలుగురితో తలపడే ద్వంద్వయుద్ధాన్ని క్రేమర్ అనవసరపు ఆర్భాటం లేకుండా చదివిన తీరు మెచ్చదగినది. లిఫ్ట్ అనే అల్లరి దొంగపిల్ల కనిపించే చిన్న విరామాధ్యాయంలో రీడింగ్ నన్ను బిగ్గరగా నవ్వించారు. షల్లాన్ గీసిన బొమ్మలు మాత్రం వినికిడికి అందవు. వాటి కోసం అచ్చుప్రతిని పక్కనే పెట్టుకోవలసి వచ్చింది.