ఒక పేరా, నాలుగు వాక్యాలు

సాయంత్రం పదో తరగతి వ్యాసాలు దిద్దాను. అంశం మన చెరువులు. పాకాల, లక్నవరం, రామప్ప పేర్లన్నీ వచ్చాయి. రామప్ప గుడి శాసనం 1213 నాటిదని ఒకమ్మాయి రాసింది, చాలా సంతోషం వేసింది. విషయానికి లోటు లేదు. చదవబోతే మాత్రం అడుగడుగునా ఆగాల్సి వస్తోంది.

ఒక అబ్బాయి పేరా ఇలా ఉంది: ‘కాకతీయులు చెరువులు తవ్వించారు. కాబట్టి వాటిలో పూడిక నిండింది. మరియు బావులు ఎండిపోయాయి. అంతేకాకుండా 2015లో మిషన్ కాకతీయ మొదలైంది.’

వాక్యాలను కలిపే మాటలు వాడితే మార్కులు పడతాయని ఎవరో చెప్పి ఉంటారు, పాపం శ్రద్ధగా వాడాడు. కానీ తవ్వించినందువల్ల పూడిక నిండలేదు కదా! మధ్యలో ఎన్నో తరాలు గడిచాయి, ఆలనాపాలనా కరవైంది. అక్కడ ‘అయితే’ ఉండాలి. పూడికకూ బావులకూ మధ్య నిజంగానే కార్యకారణ సంబంధం ఉంది. సరిగ్గా అక్కడే ‘మరియు’తో సరిపెట్టాడు.

పక్కన పెన్సిలుతో రాశాను: ‘కాకతీయులు తవ్వించిన చెరువులు ఆలనాపాలనా లేక పూడిపోయాయి. పూడిపోయేసరికి నీరు నిలవలేదు. నీరు నిలవకపోతే బావుల్లో ఊట ఎక్కడిది? అందుకే 2015లో తెలంగాణ ప్రభుత్వం మిషన్ కాకతీయ పేరుతో పూడికతీత చేపట్టింది.’ కలిపే మాట ఒక్కటే మిగిలింది. మిగతా పని క్రియలే చేశాయి.

మన కథలు ఇలాగే నడుస్తాయి. ఏడు చేపల కథలో చేప ఎండకపోవడానికి గడ్డిమోపు అడ్డం, గడ్డిమోపును ఆవు మేయలేదు, ఆవును పాలేరు మేపలేదు. ముందు వాక్యంలోని జవాబే తర్వాతి ప్రశ్న. పలకపట్టని పిల్లలు కూడా ఎక్కడా తడబడకుండా చెబుతారు. అదే పిల్లలు పదో తరగతికి వచ్చి క్త్వార్థకం (వచ్చి), చేదర్థకం (వస్తే), అప్యర్థకం (వచ్చినా) లాంటి క్రియారూపాలను బిట్లలో తేలిగ్గా గుర్తిస్తారు. వ్యాసంలోకి వాటిని రానివ్వరు. వ్యాకరణం ఒక పీరియడ్, వ్యాసం ఇంకో పీరియడ్ అన్నట్టు బోధన సాగడమే ఇందుకు కారణమని నా గట్టి నమ్మకం.

రేపు రెండూ ఒకే పీరియడ్‌లో చెప్పాలి. ఆ పేరాలోంచి కలిపే మాటలన్నీ తీసేసి బోర్డు మీద రాస్తాను. ప్రతి వాక్యం దగ్గరా ఒకటే అడుగుతాను: ఇది ముందు వాక్యానికి ఫలితమా, కారణమా, ఎదురుమాటా? వాళ్లు జవాబు చెప్పాకే సుద్దముక్క వాళ్ల చేతికిస్తాను.