నాన్న గొంతు నాలుగు శ్రుతికి దిగిన రాత్రి

నాన్న పోయి పదకొండేళ్లు. ఆయన పాడిన పద్యాలు మా ఇంట్లో ఒకే ఒక్క స్పూల్ టేపులో మిగిలాయి. రాయబారం సీనులో కృష్ణుడి పద్యాలు, అరగంట. హైదరాబాద్‌లో తెలిసినవాళ్ల దగ్గర దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాను. కానీ విన్న ప్రతిసారీ ఏదో తేడా. రాగం తీసే తీరు ఆయనదే, విరుపులు ఆయనవే, గొంతు మాత్రం ఎవరో కుర్రవాడిది. అమ్మ ఒకసారి విని, "మీ నాన్నలా ఉంది గానీ మీ నాన్న కాదురా" అని లేచి వెళ్లిపోయింది.

ఆ టేపు చేసింది నెల్లూరు పెదనాన్న. రక్తసంబంధం లేదు. నాన్న నాటకాలకు ఇరవై ఏళ్లు హార్మోనియం వాయించినాయన. కొన్నేళ్లు మద్రాసు స్టూడియోల్లో వాయించి, అక్కడే మెల్లగా మైకులవైపు, మిషన్లవైపు మళ్లాడు. తిరిగి ఊరొచ్చాక సౌండ్ పనే ఆయన బతుకు. ఇప్పుడు 78 ఏళ్లు. ఫోన్ చేస్తే "పెట్టుకోని రా, విందాం" అన్నాడు.

పొద్దున్నే విజయవాడలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. చీరాల, ఒంగోలు దాటాక ఎండ కిటికీలోకి వచ్చేసింది. ఉలవపాడు దగ్గర మామిడి తోటలు, తర్వాత కావలి, బిట్రగుంట. పడుగుపాడు దాటి పెన్న వంతెన మీదికి రైలు రాగానే చక్రాల చప్పుడు మారిపోతుంది. చిన్నప్పుడు నాన్న పక్కన కూర్చుని ఆ చప్పుడు మారగానే "నెల్లూరొచ్చింది" అనేవాణ్ని.

మూలాపేటలో ఆయన ఇల్లు. గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. "ఏంది అబ్బయా, ఇంత చిక్కిపొయినావే" అన్నాడు. లోపల అల్మారాల నిండా స్పూల్ డబ్బాలు, క్యాసెట్లు, గొట్టం స్పీకర్ల యూనిట్లు. ఓ మూల గుడ్డ కప్పిన హార్మోనియం. పెద్దమ్మ నిన్న రాత్రే చేపల పులుసు కాచి ఉంచింది. నెల్లూరులో ఆ పులుసు మర్నాడే తినాలి.

నేను ల్యాప్‌టాప్ తీయబోతే వద్దన్నాడు. "రైలు రొద విన్న చెవులు ఇంకా మొద్దుబారి ఉంటాయి. రాత్రికి విందాం."

సాయంత్రం ఊళ్లోకి తీసుకెళ్లాడు. ముందు తిప్పరాజువారి వీధి. బాలసుబ్రహ్మణ్యం గారి పాత ఇల్లు అక్కడే. 2020లో ఆయన దాన్ని కంచి పీఠానికి వేదపాఠశాల కోసం ఇచ్చారు. ఆ ఏడాది సెప్టెంబరులోనే వెళ్లిపోయారు. ఊళ్లోని ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు ఇప్పుడు ఆయన పేరే. ఆ ఇంటి ముందు పెదనాన్న చెప్పింది మాత్రం ఒక సౌండ్ ఇంజనీరు గురించి.

1966 డిసెంబరులో మద్రాసు విజయా గార్డెన్స్ స్టూడియోలో బాలుగారి మొదటి సినిమా పాట రికార్డయింది. సంగీతం కోదండపాణి గారిది. అప్పట్లో టేపు ఖరీదైన సరుకు. పని అయిపోగానే చెరిపేసి మళ్లీ వాడేవాళ్లు. కోదండపాణి గారు అక్కడి ఇంజనీరు స్వామినాథన్ గారిని అడిగి ఆ టేపు చెరపకుండా ఏడాది పాటు ఉంచారట. వచ్చిన సంగీత దర్శకులకు ఆ కుర్రవాడి గొంతు వినిపించడానికి.

"పాడినోణ్ణి లోకం చూసింది. కోదండపాణి గారిని కూడా తలుచుకుంటారు. టేపు దాచినాయన్ని ఎంతమందికి తెలుసు?" ఆ మాట అంటూ పెదనాన్న చేతులు జోడించాడు. నేనూ జోడించాను.

అక్కణ్నుంచి ఊరి టౌన్‌హాలు, పురమందిరానికి వెళ్లాం. ప్రోగ్రాం ఏదీ లేదు, అక్కడివాళ్లకు ఈయన తెలుసు కాబట్టి లోపలికి వదిలారు. స్టేజి మీద నిలబడి ఒక్క చప్పట్టు కొట్టి, తల వంచి విన్నాడు. ఖాళీ హాల్లో చప్పట్టు కాసేపు తిరిగి చచ్చిపోయింది. "జనం నిండితే ఇది ఉండదు. మనుషులు, వాళ్ల బట్టలు శబ్దాన్ని తాగేస్తాయి. ఖాళీ హాల్లో బాగుందని వదిలేస్తే ఆట మొదలయ్యాక పద్యం పలచబడిపోతుంది." మద్రాసులో ఒకే మైకుకు వాద్యాలన్నీ పెట్టాల్సి వస్తే వీణను దగ్గర, షెహనాయిని దూరంగా కూర్చోబెట్టేవాళ్లట. మనుషుల్ని జరపడమే అప్పటి మిక్సింగ్.

తిరునాళ్ల నాటకాల సంగతి అడిగాను. జనం ఎక్కువైతే వెనకాల ఇంకో జత గొట్టాలు కట్టేవాళ్లు. స్టేజికి ముప్పై అయిదు మీటర్ల దూరంలో ఉంటే అక్కడి జనానికి మాట ముందు వాటిలో, సెకనులో పదోవంతు తర్వాత స్టేజి నుంచి వినపడేది. "పద్యం పాడు చెయ్యడానికి అది చాలు" అన్నాడు. ఆ రోజుల్లో దీనికి మిషన్ల మందు ఆయన దగ్గర లేదు. గొట్టాల దిక్కు మార్చి, సౌండ్ తగ్గించి, చెవితో సరిచేసుకునేవాడు.

రాత్రి తొమ్మిదికి వీధి సద్దుమణిగాక ల్యాప్‌టాప్ తెరిచాను. మొదటి పద్యం ఎత్తుగడ వినగానే చెయ్యెత్తి ఆపమన్నాడు. హార్మోనియం మీద గుడ్డ తీశాడు. ఆనాటి పెట్టే. నాన్న పాడే నాలుగు శ్రుతి మెట్టు నొక్కాడు, కలవలేదు. దాని పై మెట్టు, నాలుగున్నర నొక్కాడు, అదీ కలవలేదు. మధ్యలో ఎక్కడో ఉంది.

"నా పెట్టెలో లేని శ్రుతి నేను యాడ వాయిస్తాను?"

టేపు డబ్బా మీది చేతిరాత చూశాడు. కావలి, తిరునాళ్ల. కాసేపు కళ్లు మూసుకున్నాడు. "ఆ రాత్రి కరెంటు పోయింది. జనరేటర్ మీద నడిపినాం. లైట్లన్నీ వేసేసరికి దానికి ఆయాసం."

ఆ స్పూల్ మిషన్ మోటారు కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగేదట. 50 హెర్ట్జ్ ఉండాల్సింది 48కి పడిపోతే టేపు నెమ్మదిగా నడుస్తూ రికార్డవుతుంది. దాన్ని సరైన వేగంలో వింటే గొంతు అర శ్రుతికి కాస్త తక్కువగా పైకి లేస్తుంది, వేగమూ పెరుగుతుంది. ఇన్నేళ్లూ మేము విన్నది ఆ జనరేటర్ అలసట.

"శ్రుతి ఒక్కటే దించొద్దు. మొత్తం వేగం తగ్గించు, నూటికి 96కి పెట్టు." పెట్టాను. అరగంట టేపు ఒకటింబావు నిమిషం పెరిగింది. ఆయన నాలుగు మెట్టు నొక్కి పట్టుకున్నాడు.

నాన్న ఎత్తుకున్నాడు. అదే బరువు, పై షడ్జం మీద నిలబడేటప్పుడు అదే జీర. నాలుగో పద్యం దగ్గర పెదనాన్న, "ఇక్కడ నేను తప్పు మెట్టు నొక్కినా. విను, మీ నాన్న దాన్ని కూడా రాగంలో కలిపేసినాడు" అన్నాడు. కళ్లు తుడుచుకోలేదు, హార్మోనియం గాలితిత్తి మీది చెయ్యి తియ్యలేదు.

అమ్మకు ఫోన్ చేసి, ఏమీ చెప్పకుండా స్పీకర్ దగ్గర పెట్టాను. ఒక పద్యం పూర్తయింది. అవతల చాలాసేపు మాట లేదు.

"పెదనాన్న పక్కనే ఉన్నాడా? ఆయనకివ్వు" అంది.